రెండు శాతం ఎవరు కట్టాలి, ఎందుకు కట్టాలి: ఫ్లోరిడా డ్రై క్లీనింగ్ పన్ను

అందరికీ నమస్కారం. డ్రై క్లీనింగ్‌లో నీళ్లు వాడరు కదా, నీళ్లకొచ్చే ముప్పేమిటని చాలామంది అనుకుంటారు. ముప్పంతా అక్కడే ఉంది. బట్టలు శుభ్రం చేయడానికి నీళ్లకు బదులు వాడే ద్రావకం పెర్క్ (పెర్‌క్లోరోఎథిలిన్) లీటరు 1.62 కిలోలు తూగుతుంది. నీటికన్నా బరువు కాబట్టి పెట్రోలులా పైన తేలదు. నేలలో ఇంకి, భూగర్భజలం దాటి, అడుగున బంకమట్టి మీద మడుగు కడుతుంది. అమెరికాలో తాగునీటికి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క లీటరు పెర్క్ 32 కోట్ల లీటర్ల నీటిని ఆ గీత దాకా తెస్తుంది.

ఒలికిపోయిన పెర్కే కాదు, మెషీన్‌లో పెర్క్ నుంచి వేరుచేసిన సెపరేటర్ నీరూ ప్రమాదమే. చూడ్డానికి తేటగా ఉంటుంది, సింకులో పోసేసేవారు. కానీ అందులో లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా పెర్క్ కరిగి ఉండొచ్చు. అంటే పరిమితికి 30 వేల రెట్లు! మురుగు పైపు అతుకుల్లోంచి అది మట్టిలోకి జారుతుంది.

శుభ్రం చేసే ఖర్చు చిన్న షాపు మోయలేదు. అందుకే ఫ్లోరిడా 1994లో నిధి పెట్టింది. దానికి రెండు ప్రధాన వసూళ్లు: షాపు స్థూల రాబడిపై 2 శాతం, పెర్క్ గాలన్‌కు 5 డాలర్లు. నెలకు 40,000 డాలర్ల బిల్లింగ్ ఉంటే 800 డాలర్లు మరుసటి నెల 20లోపు కట్టాలి. అదే షాపు 5 గాలన్లు కొంటే గాలన్ పన్ను 25 డాలర్లే. పన్ను భారం ఎటుందో చూశారుగా.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ: నీళ్లతో ఉతికిన చొక్కాల బిల్లు లెక్కలోంచి తీసేస్తారు. డ్రై క్లీనింగ్ షాపులో ఉతుకుడు రాబడికీ పన్ను ఉంది. నాణెం వేసి తిప్పే మెషీన్లకు, యూనిఫారాలు అద్దెకిచ్చే కంపెనీలకు మాత్రం లేదు. బట్టలు తీసుకుని వేరేచోట శుభ్రం చేయించే డ్రాప్ స్టోర్ కస్టమర్ బిల్లుపై కడితే, అదే బట్టలను శుభ్రం చేసిన ప్లాంటు మళ్లీ కట్టక్కర్లేదు.

టెక్సస్‌లో ఇలాంటి వసూలే పెర్క్ గాలన్‌కు 20 డాలర్లు. వాడకం తగ్గేకొద్దీ అలాంటి రాబడి ఎండిపోతుంది, పాత మడుగు మాత్రం అలాగే ఉంటుంది. పెర్క్ ఎన్నడూ ముట్టని షాపులు ‘మాకెందుకీ 2 శాతం’ అని గొణుగుతాయి. గొణుగుడు న్యాయమే. అయినా ఆ డబ్బు ఇంకెక్కణ్నించి వస్తుంది?

ఫ్లోరిడాలో పాత షాపు కొనేవాళ్లు ముందు ఒక కాగితం అడగండి. నిధి సాయానికి దరఖాస్తు గడువు 1998 డిసెంబర్ 31తో ముగిసింది. ఆ స్థలం అప్పటికి నమోదయిందా? అయితే సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా దరఖాస్తు తేదీని బట్టి 1,000, 5,000, లేదా 10,000 డాలర్లు. నమోదు కాకపోతే పన్ను కడుతూనే, శుభ్రం చేయించే ఖర్చూ మీరే చూసుకోవాల్సి రావచ్చు.