స్కానింగులో సిస్ట్ అన్నారా? లోపల ఏముందో అడగండి

నమస్కారం. కర్నూలులో నా స్కానింగ్ గదికి ఆదోని నుంచి, ఆలూరు నుంచి, తుంగభద్ర అవతలి అలంపురం నుంచి ఆడవాళ్లు వస్తుంటారు. చాలామంది పాలిథిన్ కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "మేడమ్, గర్భసంచి పక్కన గడ్డ ఉందట, తీసేయాలా?" అని అడుగుతారు. ఆ కాగితంలో చూస్తే సిస్ట్, అంటే అండాశయం దగ్గర ద్రవం నిండిన సంచి, అనే మాట, పక్కన దాని సైజు అంకె. ఆ అంకె చూసే ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుని ఉంటారు. ఈ రోజు అంకెను కాసేపు పక్కన పెట్టి, ఆ గడ్డ లోపలికి తొంగి చూద్దాం.

స్కానింగ్ యంత్రం పంపేది శబ్దం. నీటిలోంచి అది అడ్డు లేకుండా సాగిపోతుంది, అందుకే నీళ్లు తెర మీద నల్లగా కనిపిస్తాయి. ఎముక, పన్ను లాంటివి శబ్దాన్ని అడ్డుకుని వెనకాల నీడ పరుస్తాయి. ఈ రెండు సంగతులు గుర్తుంచుకుంటే ఇక్కడ చూపించే బొమ్మలన్నీ మీకే అర్థమవుతాయి.

మొదటి బొమ్మ. గుండ్రంగా, కాటుకలా నల్లగా ఉంది. గోడ పలచన, లోపల అడ్డుపొర లేదు. నెలసరి వస్తున్న స్త్రీలో ఇలాంటిది 3 సెంటీమీటర్ల లోపు ఉంటే అది జబ్బే కాదు. ప్రతి నెలా అండం పెరిగే ఫాలికిల్ అది. 5 సెంటీమీటర్ల దాకా ఉన్నా, ఇంత శుభ్రంగా కనిపిస్తే సాధారణంగా మళ్లీ స్కానింగ్ కూడా అక్కర్లేదు. అంతకు మించితే కొన్ని నెలలకు మరోసారి చూస్తాం. నెలసరి ఆగిపోయినవాళ్లలో మాత్రం 3 సెంటీమీటర్లు దాటితే చాలు, గమనిస్తూ ఉండాలి.

రెండో బొమ్మ దగ్గర కొంచెం ఆగుదాం. పత్తి తీతల రోజుల్లో ఒకామె వచ్చింది. పొత్తికడుపులో ఒకవైపు ఉన్నట్టుండి నొప్పి. వేరే చోట స్కానింగులో గడ్డ 5 సెంటీమీటర్లు అన్నారు, గర్భసంచితో సహా తీసేయడానికి తేదీ కూడా ఇచ్చేశారు. ఆమెకు ముప్పై ఏళ్లు దాటలేదు. నేను చూస్తే గడ్డ లోపల సన్నటి దారాలు, చేపల వల పరిచినట్టు. రక్తప్రసారాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టినా ఆ దారాల్లో రక్తప్రసారం లేదు. అండం విడుదలైన చోట రక్తం చేరి గడ్డకట్టింది, అంతే. రెండు నెలసర్లు అయ్యాక, అయిదో రోజునో ఆరో రోజునో రమ్మన్నాను. ఇంకో రోజు కూలి పోతుందని ముందు ఒప్పుకోలేదు. చివరికి వచ్చింది. వల లేదు, గడ్డ లేదు, మామూలు అండాశయం ఉంది. ఆ ఆపరేషన్ జరిగి ఉంటే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇది మూడోది. నలుపూ కాదు, తెలుపూ కాదు. గిన్నెలో చల్లారిన రాగిజావలా అంతటా ఒకే బూడిద రంగు. ఇది ఎండోమెట్రియోమా, చాక్లెట్ సిస్ట్ అంటారు. పాత రక్తం చిక్కబడి ఉంటుంది. రెండు నెలలు ఆగినా ఇది కరిగిపోదు. నెలసరి నొప్పికి మంచం దిగలేని అమ్మాయిని "అందరికీ ఉండేదే" అని ఊరుకోబెట్టకండి. ఆపరేషన్‌లో గడ్డతో పాటు కొన్ని అండాలూ పోవచ్చు కాబట్టి, పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇందులో తెల్లటి ముద్ద, దాని వెనక నీడ, మధ్యలో చిన్న చిన్న గీతలు కనిపిస్తున్నాయి. ఆ గీతలు వెంట్రుకలు. డెర్మాయిడ్ అనే ఈ రకం గడ్డలో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. ఈ మాట విని దిష్టి తగిలిందని ఏడ్చిన తల్లులను చూశాను. అండానికి మూలమైన కణానికి ఒంట్లోని ఏ భాగాన్నైనా తయారుచేసే శక్తి ఉంది, అది దారి తప్పిందంతే. ఇవి దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే.

గుండ్రంగా కాక వంకర తిరిగిన గొట్టంలా నల్లగా కనిపిస్తే అది అండాశయం కాదు, అండాశయం నుంచి గర్భసంచికి అండాన్ని చేర్చే ట్యూబు, నీరు నిండి ఉబ్బింది. జ్వరం కూడా ఉంటే చీము పట్టిందేమో చూడాలి.

ఇక పీసీఓడీ, అంటే అండాశయంలో చిన్న చిన్న బుడగలు ఎక్కువగా కనిపించే సమస్య. ఆ బుడగలు గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన ఫాలికిళ్లు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం స్కానింగులో కనీసం ఒక అండాశయంలో ఇవి 20 లేదా అంతకు మించి ఉండాలి, లేదా అండాశయం పరిమాణం 10 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఉండాలి. రజస్వల అయిన 8 ఏళ్ల లోపు అమ్మాయిలకు స్కానింగుతో ఈ జబ్బు నిర్ధారించకూడదనీ అవే చెబుతున్నాయి. ఇంటర్ చదివే పిల్లకు ఈ ముద్ర వేసి పంపడం అన్యాయం.

భయపడాల్సిన బొమ్మ ఎలా ఉంటుంది? గోడ నుంచి లోపలికి మొటిమల్లా పెరిగిన కండ, ఎగుడుదిగుడు గట్టి భాగం, అందులో జోరుగా రక్తప్రసారం, కడుపులో నీరు. ఇలాంటివి లెక్కలోకి తీసుకుని ఓ-రాడ్స్ అనే పద్ధతిలో 0 నుంచి 5 వరకు వర్గం ఇస్తారు. 2లో క్యాన్సర్ అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ, 5లో నూటికి 50 లేదా అంతకు మించి. మీ రిపోర్టులో ఆ వర్గం రాశారేమో చూడండి. రక్తపరీక్షలో సీఏ-125 అనే అంకె పెరిగిందని మాత్రమే కుంగిపోకండి. చాక్లెట్ సిస్ట్‌కు మూలమైన ఎండోమెట్రియోసిస్ జబ్బులోనూ పెరుగుతుంది, కడుపులో క్షయ ఉన్నా పెరుగుతుంది. ఆ క్షయలో నీరు కూడా చేరి అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. అది మందులతో నయమయ్యే జబ్బు.

రెండింటికి మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి. నెల తప్పి, కడుపునొప్పి వచ్చి, స్కానింగులో గర్భసంచి ఖాళీగా ఉంటే ట్యూబులో గర్భం ఉందేమో అని అనుమానించాలి. రెండోది అండాశయం మెలిపడటం.

హాస్టల్లో ఉండే ఒక అమ్మాయికి రాత్రంతా నొప్పి, వాంతులు. గ్యాస్ అని మాత్రలిచ్చారు. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చేసరికి కుడి అండాశయం 7 సెంటీమీటర్లకు ఉబ్బింది, ఫాలికిళ్లు అంచుకు నెట్టుకుపోయి పూసల్లా కనిపించాయి. డాప్లర్‌లో రక్తం ఇంకా పారుతోంది. అది చూసి పర్వాలేదనుకుంటే మోసపోతాం. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది, మెలిపడ్డా కొంత పారుతూనే ఉంటుంది. అండాశయపు కాడ దగ్గర ప్రోబు (స్కానింగ్ చేసే పరికరం) కదిపితే రక్తనాళాలు సుడిలా తిరిగి ఉన్నాయి. గదిలోంచే సర్జనుకు ఫోను చేశాను. లోపల నల్లబడి ఉన్నా ఆ సర్జను అండాశయాన్ని కోసేయలేదు, మెలి విప్పి ఉంచేసింది. నల్లబడినవి కూడా చాలావరకు కోలుకుంటాయి.

మూడు నెలల తరువాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. కుడి అండాశయంలో నల్లగా, గుండ్రంగా ఒక బుడగ. రిపోర్టులో సిస్ట్ అని రాయలేదు. 18 మిల్లీమీటర్ల ఫాలికిల్ అని రాశాను.