దూరంగా కూర్చున్న టీమ్: కలుపుకునే పద్ధతులు

అందరికీ నమస్కారం.

2023 మే నెలలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, అదే ఏడు అక్టోబరులో నల్లగొండలో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కరోనా కాలం నుంచే ఉన్నారు. ఇప్పుడు ఎనిమిది మంది టీమ్‌లో నలుగురు హైదరాబాద్ ఆఫీసులో, ఇద్దరు ఈ టవర్లలో ఒకదానిలో, ఒకరు దేవరకొండలో, ఒకరు అచ్చంపేటలో ఉండడం మామూలైంది. ఇట్లాంటి టీమ్‌కు కల్చర్ కావాలనగానే శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్ తంబోలా పెట్టేస్తారు. ఆడండి, మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ మారిన సంగతి అచ్చంపేట మనిషికి రెండు రోజుల తర్వాత తెలిస్తే ఎన్ని ఆటలు ఆడించినా లాభం లేదు. అందరికంటే ఆలస్యంగా తనకు తెలుస్తోందని అనిపించిన రోజు నుంచే మనిషి లోలోపల టీమ్‌కు దూరం జరుగుతాడు.

లెక్క చూడండి. ఎనిమిది మందిలో ఇద్దరిద్దరి జతలు 28. హైదరాబాద్ నలుగురిలో 6 జతలు, టవర్‌లో ఒక జత చాయ్ దగ్గర మాట్లాడుకుంటాయి. మిగతా 21 జతలకు ఫోనో మెసేజో తప్ప దారి లేదు. ఒకే ఆఫీసులో ఉన్నా సీట్ల మధ్య దూరం 50 మీటర్లు దాటితే మాటలు బాగా పడిపోతాయని అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ ఆలెన్ 1970ల్లోనే గమనించారు. మనది వంద కిలోమీటర్ల సంగతి.

ముందుగా మార్చాల్సింది మీటింగ్. ఆఫీసులో నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని మధ్యలో ఒకే మైకు పెడితే, దేవరకొండలో వినే మనిషికి కాగితాల గరగర, ఏసీ హోరు, బల్ల చివరి మనిషి సగం మాట వినిపిస్తాయి. నవ్వు వినిపిస్తుంది, ఎందుకు నవ్వారో తెలియదు. ఒక్కరు బయట ఉన్నా అందరూ ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు, హెడ్‌సెట్ పెట్టుకుని చేరాలి. కాల్ అయిపోయాక ఆఫీసు వాళ్లు మళ్లీ చాయ్ దగ్గర మొదలుపెట్టే రెండో మీటింగ్ ఇంకా ప్రమాదం. అక్కడ ఏదైనా తేలితే ఆ రోజే రాతలో పెట్టాలి.

రాయడం గురించి ఈ జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక చీరలకు మగ్గమెక్కక ముందే రంగు పడుతుంది. గ్రాఫు కాగితం మీద గీసిన డిజైన్ చూసి నూలుకు గడి గడికీ ముడులు కట్టి అద్దుతారు. ముడి కట్టేది ఒకరు, నేసేది ఇంకొకరు కావచ్చు, ఇద్దరికీ ఆ కాగితమే ఆధారం. ముడి జరిగితే పువ్వు అంచు చెదురుతుంది. టీమ్‌కు అట్లాంటి కాగితం కావాలి. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోపు: నాలుగు లైన్లు చాలు. 'ఎందుకు' అన్నదే అందరూ వదిలేస్తారు, ఆర్నెల్ల తర్వాత చేరిన మనిషికి కావాల్సింది అదే. ఇవన్నీ ఒకే చోట ఉండాలి. సగం మెయిల్‌లో, సగం వాట్సాప్ గ్రూపులో ఉంటే ఎవరూ వెతకరు, మళ్లీ అడుగుతారు. నాలుగుసార్లు అడగడానికి మొహమాటపడి ఊహించుకుని చేసేస్తారు. తప్పులు వచ్చేది అక్కడే.

మెసేజ్ కూడా అంతే. "అన్నా, ఒక డౌట్" అని పంపి ఆగిపోతే, అవతలి మనిషి చూసి "చెప్పు" అనేసరికి గంట, మళ్లీ జవాబుకు గంట. ఇట్ల రాయండి: "అన్నా, బిల్లింగ్ రిపోర్టులో మార్చి మొత్తం తప్పొస్తోంది. పాత రేట్లు తీసుకుంటున్నట్టుంది. కొత్త రేటు వాడమంటవా? 5 లోపు చెప్తే ఇయ్యాల్నే పంపిస్త."

ఆ 'అన్నా' పిలుపులో ఆప్యాయత ఉంది, పోగొట్టుకోవద్దు. అయితే అన్న తప్పు చెబుతున్నాడని తెలిసినా నలుగురి ముందు తమ్ముడు కాదనడు. ఎదురుగా ఉంటే మొహం చూసి పట్టుకోవచ్చు, కాల్‌లో మౌనం ఒప్పుకోలులా వినిపిస్తుంది. అందుకని మీటింగ్‌కు ఒక రోజు ముందే విషయం పంపి, అభిప్రాయాలు రాతలో తీసుకోండి. మాట్లాడించేటప్పుడు జూనియర్ నుంచి మొదలుపెట్టి, టీమ్ లీడ్ చివర మాట్లాడాలి. వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చోండి, పని లెక్క అడగడానికి కాదు, ఎక్కడ ఆగిపోయారో వినడానికి. పని ఒత్తిడి ఉన్న వారంలో దీన్ని రద్దు చేస్తుంటారు. అవసరం పడేది ఆ వారమే.

కరెంటు, నెట్ పోవడాన్ని సాకుగా చూడొద్దు. మాటకు సెకనుకు 100 కిలోబిట్లు కూడా పట్టవు, మంచి వీడియోకు ఒక మెగాబిట్ దాటుతుంది. కాబట్టి నెట్ బలహీనంగా ఉంటే కెమెరా ఆపుకోవచ్చని లీడే చెప్పాలి. ఇన్వర్టర్‌కు ల్యాప్‌టాప్ ఒక్కటే తగిలిస్తారు, రూటర్ ఆగిపోతుంది. రెండూ కలపాలి.

క్లయింటు న్యూయార్క్‌లో ఉంటే మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం మారుతుంది, వాళ్ల పొద్దున 9 మనకు రాత్రి 7:30 బదులు 6:30 అవుతుంది. లండన్ మాత్రం మార్చి ఆఖరి ఆదివారం దాకా మారదు. ఆ మధ్య రోజుల్లో మూడు దేశాల కాల్స్ తప్పిపోతాయి, ముందే క్యాలెండర్ సరిచేసుకోండి. అదే క్యాలెండర్‌లో సద్దుల బతుకమ్మ, కురుమూర్తి జాతర కూడా మూడు నెలల ముందే వేయండి. అడిగి సెలవు తెచ్చుకోవాల్సిన గతి ఆడపిల్లలకు రాకూడదు.

ఏడాదికి రెండుసార్లయినా అందరూ ఒకచోట కలవాలి. ప్రతిసారీ హైదరాబాద్‌కే పిలవకండి, ఒకసారి నాగార్జునసాగర్‌లో పెట్టండి, ఆఫీసు వాళ్లకూ ప్రయాణమంటే ఏంటో తెలుస్తుంది. స్లైడ్లు వద్దు, అవి ఇంట్లో కూడా చూడొచ్చు. చిక్కుముడిలా ఉన్న ఒకటి రెండు పనులు పక్కపక్కన కూర్చుని తేల్చుకోండి. తేదీ వేసేముందు దేవరకొండ, అచ్చంపేట వైపు ఆఖరి బస్సు ఎప్పుడో కనుక్కోండి. దాన్నిబట్టి ముగింపు టైమ్ పెట్టండి.