ఎవరికీ తెలియని చోట

శ్రోతలందరికీ నమస్కారం.

విదేశాలు చూసొచ్చినవాళ్లను కదిపితే ఎక్కడెక్కడ తిరిగారో గడగడా చెప్పేస్తారు. కానీ మాటల మధ్యలో ఎప్పుడో ఒకసారి, కాస్త సిగ్గుపడుతూ, "అక్కడ నాకేదో అయిందండీ, ఏమిటంటే చెప్పలేను" అంటారు చూడండి, ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించి. కొంచెం ఓపిగ్గా అడిగితే తెలిసేదేమిటంటే, ఆ 'ఏదో' జరిగింది టికెట్టు కొని, క్యూలో నిలబడి చూసిన చోట కాదు. ఎక్కడో బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడో, దారి తప్పినప్పుడో. ప్రసిద్ధ క్షేత్రంలోనే జరిగినా, అందరూ ఫొటో తీసుకునే మూల దగ్గర మాత్రం కాదు.

1968 డిసెంబరు మొదట్లో థామస్ మెర్టన్ అనే అమెరికన్ క్రైస్తవ సన్యాసి శ్రీలంకలోని పొలన్నరువ వెళ్లాడు. అప్పటికి దాదాపు ఇరవై ఏడేళ్లుగా ఆయనది కెంటకీ రాష్ట్రంలో మౌనానికి పేరుపడ్డ ఒక మఠంలో జీవితం. పొలన్నరువలో గల్ విహార అని ఒక చోటుంది, 12వ శతాబ్దంలో ఒకే పెద్ద బండను తొలిచి చెక్కిన బుద్ధ విగ్రహాలు అక్కడున్నాయి, పడుకున్న విగ్రహమే సుమారు 14 మీటర్ల పొడవు. ఆయన వెంట వచ్చిన క్రైస్తవ మతాధికారికి ఇలాంటివి గిట్టవు కాబోలు, ఒక చెట్టు కింద ఆగిపోయి గైడ్ పుస్తకం చదువుకుంటూ కూర్చున్నాడు. మెర్టన్ చెప్పులు విడిచి, తడి గడ్డి మీద, తడి ఇసుక మీద నడుచుకుంటూ ఆ విగ్రహాల దగ్గరికి వెళ్లాడు. ఆ ముఖాల్లోని ప్రశాంతతను చూస్తుంటే అలవాటుపడిన చూపులోంచి తనని ఎవరో ఒక్క ఊపున బయటికి లాగేసినట్టు అనిపించిందనీ, ఇన్నాళ్లూ తాను మసకమసగ్గా వెతుకుతున్నదేమిటో తెలిసిందనీ డైరీలో రాసుకున్నాడు. అది కూడా వెంటనే రాయలేదు, తొందరపడి రాసే విషయం కాదని కొన్ని రోజులు ఆగాడు. ఆ నెల 10నే బ్యాంకాక్ దగ్గర ఒక సమావేశానికి వెళ్లినచోట చనిపోయాడు.

ఆ గైడ్ పుస్తకం చదువుకున్న పెద్దమనిషి మీద నాకేమీ కోపం లేదు, మనలో ఎక్కువమందిమి ఆయన బాపతే. ఇద్దరూ వెళ్లింది ఒకే చోటికి, ఒకే పూట. కాబట్టి ఇదంతా స్థల మహిమ అనుకుంటే పొరపాటు. మరి పరాయి దేశం వెళ్తే ఇలాంటివి జరిగే అవకాశం ఎందుకు పెరుగుతుంది?

నాకు తోచింది చెబుతాను. సొంత చోట మనం ఎవరమో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. ఫలానా ఆఫీసరు గారు, ఫలానావారి అమ్మాయి, డబ్బున్నాయన, అప్పులున్నాయన, ఈ పిలుపులన్నీ కలిసి 'నేను' అనే మనిషిని రోజంతా నిలబెట్టి ఉంచుతాయి. పరాయి దేశంలో విమానం దిగీ దిగగానే అవన్నీ ఊడిపోతాయి. మీ హోదా అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ ఎవరికీ లేదు. భాష రాకపోతే మరీనూ, నలభై ఏళ్లు లెక్చరర్‌గా పాఠాలు చెప్పినాయన కూడా బాత్రూమ్ ఎక్కడో అడగడానికి సైగలు చేయాల్సిందే. మొదట దీనికి చిరాకు వేస్తుంది, భయమూ వేస్తుంది. కానీ ఆలోచిస్తే, ఏ మతంలోనైనా సాధన పేరుతో చేయమన్నది ఇదే కదా, ఆ 'నేను'ను కాసేపు కింద పెట్టమని. ఏళ్ల తరబడి కూర్చున్నా కుదరని పని, ప్రయాణంలో మన ప్రమేయం లేకుండా కొద్దిసేపు జరిగిపోతుంది.

మాల్కమ్ ఎక్స్ సంగతి చూడండి. అమెరికాలో నల్లజాతివారి తరఫున నిప్పులు కురిపించిన వక్త, తెల్లవాళ్లంటే పుట్టుకతోనే దుర్మార్గులని నేర్పిన సంస్థలో ఏళ్ల తరబడి మతబోధకుడు. ఆ సంస్థ నుంచి బయటికొచ్చాక 1964 ఏప్రిల్‌లో హజ్ యాత్రకు బయల్దేరితే, జిద్దా విమానాశ్రయంలో అధికారులు ఆపేశారు, ఈ అమెరికన్ నిజంగా ముస్లిమేనా అని విచారించాలన్నారు. అరబ్బీ రాదు. నమాజు చేసేటప్పుడు ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో కూడా సరిగా తెలియదు, అన్నేళ్లు బోధకుడిగా ఉండి కూడా తెలియదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. యాత్రికుల బసలో అపరిచితుల మధ్య పడుకుని, పక్కవాళ్లని చూసి నేర్చుకున్నాడు. ఆ తర్వాత మక్కా నుంచి రాసిన ఉత్తరంలో, నీలికళ్లు, తెల్లటి చర్మం ఉన్నవాళ్లతో ఒకే పళ్లెంలో తిన్నాననీ, ఒకే గ్లాసుతో తాగాననీ, తన పాత అభిప్రాయాలను తిరగరాసుకోక తప్పలేదనీ చెప్పాడు. అంతటి మార్పు రావడానికి ఆ పుణ్యక్షేత్రం ఒక్కటే కారణమని నేననుకోను, అంతకుముందు విమానాశ్రయంలో ఎవరికీ తెలియని మనిషిగా, ఏమీ రాని మనిషిగా గడిపిన ఆ గంటలకు కూడా వాటా ఉంది.

నా అనుభవం అంత గొప్పది కాదు, చెప్పడానికి కూడా కొంచెం మొహమాటంగా ఉంది, ఎందుకంటే అది జరిగింది ఏ గుడిలోనూ కాదు, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే వాషింగ్ మెషిన్ల దుకాణంలో. బయట వాన. లోపల నలుగురైదుగురం, ఒకరి భాష ఒకరికి రాదు, అందరి మురికి బట్టలూ ఒకేలా తిరుగుతున్నాయి. నేను ఎవరినీ మెప్పించనక్కర్లేదు, ఎవరికీ ఏమీ కానక్కర్లేదు అన్న సంగతి ఉన్నట్టుండి తట్టింది, తట్టాక ఆ కూర్చున్నవాళ్లందరి మీదా కారణం లేని ఇష్టం కలిగింది. అంతే. మెషిన్ ఆగిపోయి బీప్ అనగానే మళ్లీ నేను నేనైపోయాను, ఒక సాక్సు కనబడలేదని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

తొందరగా పోయిందని బాధపడక్కర్లేదు. విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1901, 1902 సంవత్సరాల్లో ఎడిన్‌బరోలో మతానుభవాల మీద ఉపన్యాసాలిచ్చాడు. ఇలాంటి స్థితులు ఎక్కువసేపు నిలవవనీ, సాధారణంగా అరగంట, మహా అయితే గంటో రెండు గంటలో అనీ అన్నాడాయన. అవి మన చేతుల్లో ఉన్నట్టు ఉండవని, మనకంటే పెద్దదేదో మనల్ని పట్టుకున్నట్టు ఉంటుందని కూడా చెప్పాడు. అందుకే 'ఉదయం ఐదున్నరకు సూర్యోదయం, ఆధ్యాత్మిక అనుభూతి, ఎనిమిదికి టిఫిన్' అని రాసే టూర్ ప్యాకేజీలు చూస్తే నాకు నవ్వొస్తుంది. సూర్యోదయం వరకైతే వాళ్లు హామీ ఇవ్వగలరు, అదీ మబ్బు పట్టకపోతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రయాణంలో నిద్ర ఉండదు, తిండి వేళకు ఉండదు, అలాంటప్పుడు ఏడుపు త్వరగా వస్తుంది. ఫ్రెంచి రచయిత స్తాందాల్ 1817లో ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచే చర్చి చూసి బయటికొచ్చేసరికి గుండె దడదడలాడి పడిపోతానేమో అనిపించిందని రాశాడు. తర్వాతి కాలంలో అదే నగరంలో పనిచేసిన మానసిక వైద్యురాలు గ్రాజియెల్లా మాగెరీని, కళాఖండాలు చూసి తల తిరిగి, కంగారుపడి ఆస్పత్రికి వచ్చిన వందమందికి పైగా పర్యాటకులను పరిశీలించి, ఆ స్థితికి స్తాందాల్ పేరే పెట్టింది. జెరూసలేంలో ఇంకో రకం. అక్కడికి వచ్చిన యాత్రికుల్లో కొద్దిమంది, హోటల్ దుప్పటి ఒంటికి చుట్టుకుని, తామే ప్రవక్తలమన్నట్టు వీధుల్లో బోధలు మొదలుపెడతారు. వైద్యులు దానికి జెరూసలేం సిండ్రోమ్ అని పేరు పెట్టారు, వాళ్లలో చాలామందికి ముందునుంచే మానసిక సమస్యలు ఉంటాయి. నవ్వుకునే విషయం కాదిది. తోటి ప్రయాణికుల్లో ఎవరైనా రెండు మూడు రాత్రులు నిద్రపోకుండా, దేవుడు తనకేదో పని అప్పగించాడని మాట్లాడటం మొదలుపెడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మరి తేడా ఎలా తెలుస్తుంది అంటారా? నేను చూసుకునే గుర్తు ఒకటే, ఆ అనుభవంలో 'నేను' పెరిగిందా, తగ్గిందా అని. దుప్పటి చుట్టుకున్న మనిషిలో అది ఆకాశమంత పెరిగింది. మాల్కమ్‌కు తగ్గింది, మెర్టన్‌కు తగ్గింది.

కొన్ని కట్టడాలను ఈ విషయం తెలిసినవాళ్లే కట్టారనిపిస్తుంది. ఇండోనేషియాలోని బోరోబుదూర్ ఉంది, దాదాపు పన్నెండు వందల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం. కింది అంతస్తుల్లో నడుస్తుంటే రెండువైపులా గోడలు, గోడల నిండా శిల్పాలు, రాజులు, ఓడలు, నాట్యాలు, కథల మీద కథలు, చదువుకుంటూ ఒక్కో చుట్టూ తిరగడమే. పై వలయాలకు ఎక్కగానే గోడలు ఉండవు, శిల్పకథలు ఉండవు, 72 చిన్న స్తూపాలు, చుట్టూ కొండలు, ఆకాశం. ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు, ఇంతసేపూ మనసులో పోగేసుకుంటూ వచ్చిన కథలన్నీ కిందే ఉండిపోయాయని కాళ్లకు ముందు తెలుస్తుంది. అయితే లిఫ్టులో వెళ్లినట్టు గబగబా పైకెక్కి సెల్ఫీ దిగి వచ్చేస్తే ఇందులో ఏదీ అందదు, కింది కథల్లో కొంతసేపు అలసిపోవాలి.

ఫొటోలు మానేయమని నేను చెప్పను, ఇంట్లోవాళ్లు అడుగుతారు కదా. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేసిన ప్రయోగం ఒకటి 2014లో ప్రచురించింది. వస్తువులను ఊరికే చూసినవాళ్లకంటే ఫొటో తీసినవాళ్లకు అవి తక్కువ గుర్తున్నాయట, అయితే ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదట. అంటే చెడిపోయేది కెమెరా వల్ల కాదు, 'కెమెరా చూసుకుంటుందిలే' అని మనం చూడటం మానేసినందువల్ల. ముందు కూర్చోండి, చూడండి, లేచి వెళ్లేముందు ఫొటో తీసుకోండి.

ఇంకొకటి, వీలైతే పర్యాటకుల వేళలో కాకుండా ప్రార్థన వేళలో వెళ్లండి. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే అనే పాత చర్చికి పగలు చూడటానికి వెళ్తే టికెట్టు కొనాలి, సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్తే టికెట్టు లేదు, గాయకబృందం పాడుతుంటే వెనక కూర్చోవచ్చు, ఏ మతమని ఎవరూ అడగరు. కాకపోతే అది వాళ్లకు ప్రదర్శన కాదు, పూజ. లేవమన్నప్పుడు లేవాలి, ఫోను బయటికి తీయకూడదు, నచ్చకపోయినా మధ్యలో లేచి రాకూడదు. బయటివాళ్లను రానివ్వని చోట్లు కూడా ఉంటాయి, అక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోవడం మర్యాద.

తిరిగొచ్చాక అందరూ "ట్రిప్ ఎలా ఉంది?" అంటారు. "బాగుంది" అనేస్తే సరిపోతుంది. వచ్చిన రోజే అందరికీ చెప్పేయాలని చూస్తే ఆ అనుభవం కాస్తా కథ అయిపోతుంది, నాలుగోసారి చెప్పేటప్పటికి ఆ కథలో మనమే హీరోలం అవుతాం. మెర్టన్ రాయడానికే కొన్ని రోజులు ఆగాడు. మాల్కమ్ మాత్రం ఆగలేదు, ఆగే పరిస్థితీ కాదు. తెల్లవాళ్లందరినీ ఒకే గాటన కట్టిన తన పాత మాటలను, వాటిని విని చప్పట్లు కొట్టిన జనం ముందే వెనక్కి తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే, 1965 ఫిబ్రవరి 21న, న్యూయార్క్‌లో సభలో మాట్లాడటానికి నిలబడినప్పుడు ఆయన్ని కాల్చి చంపారు. అతని యాత్ర గురించి మాట్లాడేవాళ్లు మక్కా దగ్గర ఆపేస్తుంటారు, నాకు మాత్రం అమెరికా తిరిగొచ్చాక గడిచిన ఆ కొద్ది నెలలే అందులో కష్టమైన భాగం అనిపిస్తుంది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. సెలవు, నమస్కారం.