లాంగ్వేజ్ సర్వర్‌కి మీ ప్రాజెక్టు పరిచయం చేయండి

అందరికీ నమస్కారం. నియోవిమ్ అనే ఎడిటర్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులకి లాంగ్వేజ్ సర్వర్ పెట్టుకోవడం గురించి మాట్లాడతాను. ఇన్‌స్టాల్ చేయడం తేలికే. ఆ తర్వాత ఇన్‌క్లూడ్ లైన్ల కింద వరసగా ఎర్ర గీతలు పడతాయి చూడండి, చాలామంది విసుగొచ్చి వదిలేసేది అక్కడే. అందుకే ఎక్కువ సమయం దానికే ఇస్తాను.

ఒకప్పుడు ఏ ఎడిటర్‌కి ఆ ఎడిటర్, ఒక్కో భాషకీ విడిగా సపోర్ట్ రాసుకోవాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, పది భాషలు ఉంటే వంద ప్లగిన్లు. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (ఎల్‌ఎస్‌పీ) ప్రకటించాక ఈ లెక్క మారింది. భాష తెలిసిన ప్రోగ్రామ్, అంటే లాంగ్వేజ్ సర్వర్, వేరుగా నడుస్తుంది, ఎడిటర్ దాన్ని ప్రశ్నలు అడుగుతుంది. 'ఈ లైన్లో, ఈ కాలమ్ దగ్గరున్న ఫంక్షన్ ఎక్కడ రాశారు?' లాంటివి. సర్వర్ అన్నామని ఇంటర్నెట్‌లో వెతక్కండి. సీ, సీ ప్లస్ ప్లస్‌కి మనం వాడే సర్వర్ క్లాంగ్‌డీ, అది మీ మెషీన్‌లోనే నడుస్తుంది.

2025లో వచ్చిన నియోవిమ్ 0.11తో కాన్ఫిగ్ బాగా చిన్నదైపోయింది. ఏ కమాండ్ నడపాలి, ఏ రకం ఫైళ్లకి, ప్రాజెక్టు మొదలు ఎక్కడో ఏ ఫైల్‌ని బట్టి గుర్తుపట్టాలి, ఈ మూడూ రాసి ఎనేబుల్ చేస్తే చాలు. పాత పద్ధతిలో రాసిన పొడుగాటి కాన్ఫిగ్‌లు కాపీ చేయకండి. ఏదైనా చెడితే ఏ లైన్ దేనికో మీకే తెలియదు.

ఇక ఎర్ర గీతలు. క్లాంగ్‌డీకి సీ భాష వచ్చు, మీ ప్రాజెక్టు మాత్రం తెలియదు. హెడర్ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో, ఏ స్టాండర్డ్‌తో కంపైల్ చేస్తున్నారో ఎవరో ఒకరు చెప్పాలి. కంపైల్ కమాండ్స్ అనే జేసాన్ ఫైల్ చేసేది ఆ పనే. బిల్డ్ చేయడానికి సీమేక్ వాడేవాళ్లు ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్ ఆప్షన్ ఆన్ చేస్తే అది బిల్డ్ ఫోల్డర్‌లో తయారవుతుంది. మేక్, నింజా జనరేటర్లతోనే ఇది పనిచేస్తుందని గుర్తుంచుకోండి. ఉత్త మేక్‌ఫైల్ ఉన్నవాళ్లకి బేర్ అనే టూల్ ఉంది. దానికి ముందు మేక్ క్లీన్ తప్పకుండా చేయండి. బేర్ నిజంగా జరిగే కంపైలేషన్‌ని చూసి రాసుకుంటుంది, కంపైల్ అయ్యేది ఏమీ లేకపోతే ఖాళీ ఫైల్ వస్తుంది.

అప్పటికీ కుదరకపోతే కాన్ఫిగ్ మార్చే ముందు చెక్‌హెల్త్ కమాండ్‌తో ఎల్‌ఎస్‌పీ స్థితి చూడండి. సర్వర్ నడుస్తోందా, ఏ ఫోల్డర్‌ని ప్రాజెక్టు రూట్ అనుకుంటోంది, లాగ్ ఎక్కడ ఉంది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. టెన్షన్ పడి ఎడిటర్ మార్చేయక్కర్లేదు.

మనకి సంబంధించిన సంగతి మరొకటి. యూటీఎఫ్-8, యూటీఎఫ్-16 అనేవి కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచే రెండు పద్ధతులు. ఈ ప్రోటోకాల్ కాలమ్‌ని మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కపెడుతుంది. 'తెలుగు' అనే మాట ఆ లెక్కలో 6, యూటీఎఫ్-8 బైట్లలో 18. కోడ్‌లో తెలుగు స్ట్రింగ్ ఉన్న లైన్లో ఎర్రర్ గుర్తు పక్కకి జరిగి పడితే, ఏదో ఒక ప్లగిన్ ఈ రెండు లెక్కల్నీ కలిపేసిందేమో చూడండి. ప్రోటోకాల్ 3.17 వెర్షన్ నుంచి ఏ లెక్క వాడాలో ఎడిటర్, సర్వర్ మొదట్లోనే ఒప్పుకునే వీలుంది. మీలో ప్లగిన్లు రాసేవాళ్లని నేను గట్టిగా అడిగేది ఒకటే. మీ టెస్ట్ ఫైళ్లలో ఒక తెలుగు లైన్ పెట్టండి.