ఇత్తడి గంజు, పచ్చ చిలుము: మూలకాలు ఎట్లా కలుస్తాయి?

[తెరపై: ఇత్తడి రేకు మీద ఉలి, చిన్న సుత్తి. నగిషీ గీతలు బాగా దగ్గరగా.]

నమస్తే పిల్లలూ. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే రైలెక్కితే, జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద ఉలితో పువ్వులు, దేవుళ్ల బొమ్మలు చెక్కే ఊరు. ఇవాళ్టి కెమిస్ట్రీ పాఠం ఆ ఇత్తడితోనే మొదలుపెడదాం. ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఇత్తడి మూలకమా, మిశ్రమమా, సంయోగ పదార్థమా?

నిర్వచనాలు అందరికీ కంఠతా వస్తాయి. వస్తువు చేతిలో పెట్టి అడిగితేనే టెన్షన్ మొదలవుతుంది. అందుకే వస్తువులతోనే చూద్దాం.

[తెరపై: ఎర్రటి రాగి తీగ, పక్కన బూడిద రంగు జింక్ ముక్క.]

ఇత్తడిలో ముఖ్యంగా ఉండేవి ఈ రెండే, రాగి, జింక్. ముందు రాగి తీగను తీసుకోండి. దాన్ని ముక్కలు చేస్తూ, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేస్తూ పోతే, రాగి అనిపించుకునే అతి చిన్న రేణువు ఒకటి మిగులుతుంది. అదే రాగి పరమాణువు. మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు పొడవున వీటిని పక్కపక్కన పేరిస్తే దాదాపు 40 లక్షలు పడతాయి.

ఒకే రకం పరమాణువులున్న పదార్థాన్ని మూలకం అంటాం. మరి రకం అంటే ఏమిటి? పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది, అందులో ప్రోటాన్లు ఉంటాయి. ఆ ప్రోటాన్ల లెక్కే పరమాణువు రకాన్ని తేలుస్తుంది. రాగిలో 29, జింక్‌లో 30. ఒక్క ప్రోటాన్ ఎక్కువైతే ఎర్రటి లోహం కాస్తా బూడిద రంగు లోహం! ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు ఆశ్చర్యం తగ్గదు. ఇప్పటిదాకా మనిషికి తెలిసిన మూలకాలు 118. హైడ్రోజన్‌తో మొదలై ఒక్కో ప్రోటాన్ పెరుగుతూ పోయే వరుస అది.

ఇప్పుడు ఇత్తడి. రాగిని, జింక్‌ను కరిగించి కలిపితే ఇత్తడి వస్తుంది. 100 గ్రాముల్లో 70 గ్రాములు రాగి, 30 గ్రాములు జింక్ వేసినా ఇత్తడే. 60, 40 వేసినా ఇత్తడే. రాగి పాలు ఎక్కువైతే రంగు ఎరుపు వైపు తిరుగుతుంది, అంతే. పాళ్లు మన ఇష్టం కాబట్టి ఇది మిశ్రమం. లోహాల మిశ్రమం గనుక మిశ్రమ లోహం అంటాం. సంయోగ పదార్థం అని రాసినవాళ్లు బాధపడకండి. రెండు లోహాలు కలిసి మూడో రంగు వచ్చిందంటే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. రంగును కాదు, పాళ్లను చూడాలి.

[తెరపై: చాన్నాళ్లు తోమకుండా ఉన్న ఇత్తడి గంజు. అంచు మలుపులో పచ్చటి పొర.]

మరి సంయోగ పదార్థం, అంటే మూలకాలు రసాయన చర్యతో కలిసి ఏర్పడే కొత్త పదార్థం, ఏది? అది కూడా ఈ గంజు మీదే ఉంది! అంచు మడత దగ్గర చూడండి, పచ్చగా, పొడిపొడిగా ఏదో పట్టుకుని ఉంది. చిలుము. మీ అమ్మమ్మ పండగ ముందు చింతపండు పెట్టి రుద్దేది దీన్నే.

గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, తేమ, ఈ మూడూ ఇత్తడిలోని రాగితో చర్య జరిపితే పచ్చ చిలుము పుడుతుంది. అందులో ముఖ్యమైనది ఒక రకం రాగి కార్బొనేట్. దాని లెక్క ఇట్లా ఉంటుంది: రాగి పరమాణువులు 2, కార్బన్ 1, ఆక్సిజన్ 5, హైడ్రోజన్ 2. అందులో రాగి మెరుపు లేదు, గంజు పారనిచ్చినట్టు కరెంటును పారనివ్వదు, గోటితో గీకితే పొడి రాలుతుంది. కలిసిన మూలకాల గుణాలు పోయి కొత్త గుణాలు వచ్చాయి.

పాళ్లు చూడమన్నాను కదా. 1799లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రౌస్ట్ సరిగ్గా ఇదే పదార్థాన్ని తూచి చూశాడు. భూమిలో దొరికిన రాగి కార్బొనేట్‌ను, ప్రయోగశాలలో తయారుచేసినదాన్ని పోల్చితే రెండింట్లోనూ మూలకాల పాళ్లు ఒకటే! శుద్ధమైనది 100 గ్రాములు తీసుకుంటే అందులో రాగి సుమారు 57.5 గ్రాములు. ఎక్కడ దొరికినా, ఎవరు చేసినా అంతే. ఇత్తడిలో పాళ్లు మార్చినట్టు ఇక్కడ మార్చలేం. పరీక్షలో స్థిరానుపాత నియమం అని అడిగితే రాయాల్సింది ఇదే.

[తెరపై: చింతపండు గుజ్జు చిలుము మీద. నెమ్మదిగా పచ్చదనం పోయి ఇత్తడి మెరుపు బయటపడుతుంది.]

ఇక రుద్దుదాం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది చిలుమును కరిగిస్తుంది. గంజు మెరిసింది. మరి ఆ రాగి ఎక్కడికి పోయింది? మాయం కాలేదు, మీ చేతిలోని గుజ్జులోకి చేరింది. రసాయన చర్యలో పరమాణువులు చోటు మారతాయే తప్ప రకం మారవు. ఆ గుజ్జు పారబోసి చేతులు సబ్బుతో కడుక్కోండి, నోట్లో మాత్రం పెట్టుకోవద్దు. పులుసు కాచే ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించేది ఇందుకే. కళాయి అంటే తగరం పూత. తగరం కూడా మూలకమే, దాని ప్రోటాన్లు 50. పులుపుకు, రాగికి మధ్య అడ్డంగా నిలుస్తుంది.

సరే, సంయోగ పదార్థంలో పాళ్లు ఎందుకు మారవు? దీనికి జవాబు చెప్పినవాడు ఇంగ్లండ్‌లో బడిపంతులుగా పనిచేసిన జాన్ డాల్టన్. 1808లో అచ్చయిన పుస్తకంలో వివరంగా రాశాడు. పరమాణువులు పూర్ణసంఖ్యల్లోనే కలుస్తాయి, ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, రెండుకు మూడు. ఒకటికి ఒకటింపావు కుదరదు.

[తెరపై: భూపాలపల్లి బొగ్గు గని. తర్వాత రెండు బొమ్మలు: ఒక నల్ల చుక్కకు ఒక ఎర్ర చుక్క, ఒక నల్ల చుక్కకు రెండు ఎర్ర చుక్కలు.]

దీనికి మన భూపాలపల్లి, రామగుండం బొగ్గును మించిన ఉదాహరణ లేదు. బొగ్గులో ఎక్కువ భాగం కార్బన్. గాలి బాగా తగిలేలా మండిస్తే ఒక్కో కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అణువు అవుతుంది, మనం ఊపిరి వదిలితే బయటికొచ్చే వాయువే. 12 గ్రాముల కార్బన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. గాలి చాలకపోతే? కొన్ని కార్బన్లకు ఒక్కో ఆక్సిజనే దొరుకుతుంది. 12 గ్రాములకు 16 గ్రాములే. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్.

ఒక్క పరమాణువు తగ్గినందుకు అది ప్రాణాలు తీసే విషవాయువు అవుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. చలికాలం తలుపులు, కిటికీలు మూసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు నిద్రలోనే చనిపోయేది దీనివల్లే. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయో మీకు తెలుసు. ఇంట్లో ఎవరైనా కుంపటి గదిలోకి తెస్తుంటే ఈ రెండు బొమ్మలు గీసి చూపించి, బయట పెట్టించండి.