సుద్దకొండ మీద నీలి సీతాకోకచిలుకలు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా అక్క లండన్ నుంచి మాట్లాడుతోంది. అక్కా, పోయిన ఆగస్టులో నువ్వు పంపిన నీలం సీతాకోకచిలుక ఫోటోకి ఏదో ఫిల్టర్ వేశావనుకున్నా.

అక్క: లేదురా, అసలు రంగు ఫోటోలో సగం కూడా రాలేదు. అడోనిస్ బ్లూ అది. నెమలి మెడ మీద ఎండ పడితే ఎలా ఉంటుందో అలా మెరుస్తుంది. వాటర్లూలో రైలెక్కి డార్కింగ్‌లో దిగి, డెన్‌బీస్ హిల్‌సైడ్ అనే కొండవాలుకు వెళ్లాం. పాలిపోయిన నీలంలో ఉండే చాక్‌హిల్ బ్లూలు ఎటు చూసినా ఉన్నాయి. అడోనిస్ కోసం మాత్రం గంటన్నర తిరిగాం. చివరికి చెమట పట్టిన మీ బావ చేతి మీదే వచ్చి వాలింది!

తమ్ముడు: అదే అడోనిస్ అని ఎలా తెలిసింది?

అక్క: కామన్ బ్లూ అని ఇంకోటుంది, దాంతోనే తికమక. రెక్క చివర సన్నటి తెల్ల అంచు ఉంటుంది చూడు, కామన్ బ్లూకి అది ఉత్త తెలుపు. అడోనిస్‌కి ఆ తెలుపు మీద అడ్డంగా నల్లగీతలు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను.

తమ్ముడు: ఆ కొండకే ఎందుకెళ్లాలి?

అక్క: అక్కడ నేలంతా సుద్ద. పైన మట్టి పలచన, నీళ్లు నిలవవు, సారం ఉండదు. సారం లేదు కాబట్టే గడ్డి ఏపుగా పెరిగి మిగతా మొక్కల్ని తొక్కేయదు. చదరపు మీటరులో 40 రకాల దాకా ఉంటాయి. వాటిలో హార్స్‌షూ వెచ్ ఒకటి. పసుప్పచ్చటి పువ్వు, చూస్తే మన వేరుశనగ పువ్వే గుర్తొస్తుంది. కాయలో గింజ గింజకీ గుర్రపు లాడం లాంటి వంపు. అడోనిస్ గొంగళిపురుగు తినేది ఆ ఒక్క మొక్కనే. దాని ఒంటి నుంచి తియ్యటి ద్రవం ఊరుతుంది. దానికోసం చీమలు కాపలా ఉంటాయి, రాత్రిళ్లు దాని మీద మట్టి కప్పి దాస్తాయి కూడా.

తమ్ముడు: చీమలా!

అక్క: అవును. ఆ చీమలకి వెచ్చటి నేల కావాలి, అంటే గడ్డి పొట్టిగా ఉండాలి. 1953లో మిక్సొమటోసిస్ అనే వైరస్ జబ్బు బ్రిటన్‌లోకి వచ్చి కుందేళ్లను ఊడ్చేసింది. కొరికేవాళ్లు లేక గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, చాలా కొండల మీద అడోనిస్ కనబడకుండా పోయింది. ఇప్పుడు పశువుల్ని మేపి గడ్డిని అదుపులో ఉంచుతున్నారు. మన ఊళ్లో అలాంటి నేలని బీడు అంటాం. ఆ మాట అనడానికి ఇప్పుడు నాకు నోరు రావట్లేదురా.

తమ్ముడు: మళ్లీ వెళ్తావా?

అక్క: వెళ్తా, ఈసారి సాయంత్రం దాకా ఉంటా. మేం దిగి వచ్చేస్తుంటే నీడ పడింది. నీలం ఒక్కసారిగా మాయమైంది. వంగి చూస్తే పొడుగు గడ్డిపరకలకి తలకిందులుగా, రెక్కలు మూసుకుని, పక్కపక్కనే నిద్రకి చేరుతున్నాయి. ఒకే పరకకి మూడు.