చెట్టు చాటు బాణం

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పిలిచిన ఫిజిక్స్ మేడం గారికి, మధ్యాహ్నం భోజనమయ్యాక కూడా నిద్రపోకుండా కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ నౌకాదళ నిపుణులు అన్నారు. అంత మాట వద్దు. మాది పుత్తూరు దగ్గర పల్లె. నేవీలో చేరేదాకా సముద్రం చూడలేదు. డీజిల్ సబ్‌మెరైన్లలో ఇంజన్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో మనవళ్ళని స్కూలుకి దింపి రావడమే ఉద్యోగం. అణు సబ్‌మెరైన్‌లో నేనెప్పుడూ పనిచెయ్యలేదు. పక్కన కట్టేసి ఉంటే చూశాను, అసూయపడ్డాను. ఆ అసూయతోనే చదివి తెలుసుకున్న సంగతులివి.

మీకు తెలిసిన కథతో మొదలుపెడతాను. రాముడు వాలిని చెట్టు చాటునుంచి కొట్టాడు కదా. అది ధర్మమా కాదా అని మన పౌరాణికులు రాత్రంతా వాదించుకుంటారు. నేను ధర్మం జోలికి పోను. నాకు నచ్చింది అందులోని సాంకేతిక సమస్య. మొదటిరోజు రాముడు బాణం వెయ్యలేకపోయాడు. ఎందుకు? అన్నదమ్ములిద్దరూ ఒకేలా ఉన్నారు. ఎవరు వాలో, ఎవరు సుగ్రీవుడో తెలియలేదు. సుగ్రీవుడు తన్నులు తిని వెనక్కొచ్చాడు. రెండోసారి మెడలో గజపుష్పి మాల వేసి పంపాక గానీ పని కాలేదు. అంటే చాటునుంచి కొట్టేవాడికి చిక్కులు రెండు. కొట్టేటప్పుడు తాను బయటపడకూడదు. ఎవరిని కొట్టాలో అంత చాటులోంచీ తెలియాలి. క్రూయిజ్ క్షిపణుల అణు సబ్‌మెరైన్ల చరిత్ర మొత్తం ఈ రెండు చిక్కులతో కుస్తీయే.

క్రూయిజ్ క్షిపణి అంటే ఏమిటో ముందు చెప్పాలి. బాలిస్టిక్ క్షిపణి అంటే మామిడికాయకి రాయి విసరడం లాంటిది. చేతినుంచి వదిలేదాకే మన బలం, తర్వాత ఎక్కడ పడాలో భూమి చూసుకుంటుంది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి ఈ విద్య నేర్పక్కర్లేదు. క్రూయిజ్ క్షిపణి పైలట్ లేని చిన్న విమానం. దారిపొడవునా దాని ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. మధ్యలో మలుపు తిరగగలదు, నీళ్ళని రాసుకుంటూ పోగలదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అంత కిందుగా వచ్చేదాన్ని ఓడ మీది రాడార్ దగ్గరకొచ్చేదాకా చూడలేదు.

ఇక అణుశక్తి ఎందుకు? మా డీజిల్ బోటు సంగతి చెబితే అదే అర్థమవుతుంది. నీళ్ళ కింద మేం బ్యాటరీ మీద నడిచేవాళ్ళం. బ్యాటరీ అయిపోతే పైకి దగ్గరగా వచ్చి, స్నార్కెల్ గొట్టం బయటపెట్టి, గాలి పీల్చుకుని, ఇంజన్లు నడిపి ఛార్జింగ్ చేసుకోవాలి. మీ ఫోన్ లాంటిదే, కాకపోతే ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ శత్రువుకి కనపడే ప్రమాదముంది. మంచినీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళు, స్నానం మాట మరిచిపోవాలి. మేం ఒడ్డుకొచ్చి వీధి మొదట్లో ఉండగానే మా ఇంటావిడకి తెలిసిపోయేది. నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది. మూడుసార్లు ఉతికినా డీజిల్ వాసన పోయేది కాదు.

రియాక్టరుకి గాలి అక్కర్లేదు. యురేనియం పరమాణువులు చీలితే వేడి, ఆ వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైన్. సముద్రపు నీళ్ళనుంచే మంచినీళ్ళు తీసుకోవచ్చు, ఆ నీళ్ళని విడగొట్టి ఆక్సిజనూ తీసుకోవచ్చు. 1955 జనవరి 17న అమెరికా వాళ్ళ నాటిలస్ అణుశక్తితో మొదటిసారి కదిలింది. ఆ తర్వాత సబ్‌మెరైన్‌ని పైకి రప్పించేది ఒక్క వంటసామానే.

కానీ క్షిపణి రప్పించింది.

అమెరికా నేవీ 1947లోనే, జర్మన్ల వీ-1 ఎగిరే బాంబుని చూసి చేసుకున్న క్షిపణిని కస్క్ అనే సబ్‌మెరైన్ మీదనుంచి వదిలింది. తర్వాత రెగ్యులస్ అనే క్షిపణి వచ్చింది. దాన్ని మొయ్యడానికి మొదటినుంచీ అణుశక్తితో కట్టిన బోటు హాలిబట్, 1960 జనవరిలో సేవలో చేరింది. దాని ఫొటో చూడండి, ముందుభాగం గొంతులో లడ్డూ అడ్డం పడినట్టు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో ఐదు క్షిపణులు. వెయ్యాలంటే బోటు పూర్తిగా పైకి తేలాలి. తలుపు తియ్యాలి, క్షిపణిని పట్టాల మీద బయటికి తేవాలి, రెక్కలు విప్పాలి, మంట పెట్టాలి. అణుశక్తితో నెలల తరబడి దాక్కుని, అసలు సమయానికి పైకొచ్చి నిలబడటం! పైగా అంత పెద్ద తలుపు తెరిచి ఉండగా అలలు లోపలికొస్తే బోటు మునిగిపోతుంది.

ఇక్కడొక పిట్టకథ. 1959 జూన్ 8న బార్బెరో అనే డీజిల్ సబ్‌మెరైన్ నుంచి ఒక రెగ్యులస్‌ని ఫ్లోరిడాకి వదిలారు. అందులో బాంబు బదులు మూడువేల ఉత్తరాలు. ఇరవైరెండు నిమిషాల్లో చేరాయి. ఇకమీదట టపా క్షిపణుల్లోనే వెళ్తుందని అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ సంబరపడిపోయాడు. మనకి మాత్రం ఉత్తరం ఇప్పటికీ సైకిల్ మీదే వస్తోంది.

అదే 1960లో నీళ్ళ కిందనుంచే పొలారిస్ బాలిస్టిక్ క్షిపణి వెయ్యగలిగేసరికి అమెరికా వాళ్ళు రెగ్యులస్‌ని పక్కనపెట్టారు. 1964కల్లా దాని కథ ముగిసింది. హాలిబట్‌ని గూఢచారిగా మార్చి, ఆ ఉబ్బులో కెమెరాలు పెట్టి సముద్రపు అడుగు వెతికించారు.

సోవియట్ వాళ్ళు పక్కన పెట్టలేకపోయారు. వాళ్ళ భయం అమెరికా విమానవాహక నౌకలు. అలాంటి నౌకలు తమకి లేవు. చుట్టూ కాపలా ఓడలతో వచ్చే ఆ నౌకని దూరంనుంచే కొట్టాలి. అందుకు కట్టినవి 675 ప్రాజెక్టు బోట్లు, నాటో వాళ్ళు వీటికి ఎకో-2 అని పేరు పెట్టారు. మొత్తం 29. ఒక్కోదానికి ఎనిమిది క్షిపణులు. వీటి పనితీరు చూస్తే నాకు రాముడే గుర్తొస్తాడు. బోటు పైకి తేలాలి. దాని గోపురం ముందుభాగం గిర్రున తిరిగి లోపలున్న పెద్ద రాడార్ బయటపడాలి. క్షిపణి వెళ్తూ తనకి కనిపించే ఓడల రాడార్ బొమ్మని వెనక్కి పంపిస్తుంది. బోటులో కూర్చున్న మనిషి ఆ చుక్కల్లో వాలి ఎవరో చూసి, 'దాన్ని కొట్టు' అని చెప్పాలి. అంటే గజపుష్పి మాల సమస్యని ఒక విధంగా తీర్చారు, కానీ దానికోసం చెట్టు చాటునుంచి బయటికొచ్చి ఇరవై నిమిషాలకు పైగా నిలబడాల్సొచ్చింది. ఎదుటివాడి విమానాలు తిరిగే చోట ఇరవై నిమిషాలు! లోపలున్నవాళ్ళ టెన్షన్ ఎలా ఉండేదో నేను ఊహించగలను, ఎందుకంటే స్నార్కెల్ వేసినప్పుడే మా కెప్టెన్ మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు.

నీళ్ళ కిందనుంచే వెయ్యగలిగిన మొదటి క్రూయిజ్ క్షిపణి అమెతిస్త్. దాన్ని మోసినవి 670 ప్రాజెక్టు బోట్లు, నాటో పేరు చార్లీ. మొదటి బోటు కే-43, 1967లో చేరింది. ఇక పైకి రానక్కర్లేదు. బాగుందా? బాగానే ఉంది, కానీ క్షిపణి పోయే దూరం మూడువందల కిలోమీటర్లనుంచి డెబ్బైకి పడిపోయింది. అంటే పులికి కనపడకుండా కొట్టొచ్చు, కానీ దాని మీసాలు లెక్కపెట్టేంత దగ్గరికి వెళ్ళాలి. ఇంజనీరింగ్ చదవబోయేవాళ్ళు ఇలాంటి బేరాలకి సిద్ధంగా ఉండండి.

ఈ కే-43 మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. 1988లో మూడేళ్ళ అద్దెకి మన దేశానికి వచ్చింది ఇదే. ఐఎన్ఎస్ చక్ర అని పేరు పెట్టుకున్నాం. ఒక దేశపు అణు సబ్‌మెరైన్ ఇంకో దేశపు నేవీ చేతికి రావడం ప్రపంచంలో అదే మొదటిసారి. దాని సంగతి మళ్ళీ చెప్తాను.

మధ్యలో టైటానియంతో కట్టిన ఒక బోటు ఉంది, కే-222. 1970లో నీళ్ళ కింద 44.7 నాట్లు, అంటే గంటకి 82 కిలోమీటర్లకు పైగా పరిగెత్తింది. తిరుపతి నుంచి చిత్తూరుకి మన ఆర్టీసీ బస్సు అంత వేగంగా పోదు. అయితే ఆ వేగంలో చేసే చప్పుడుకి సముద్రమంతా లేచి కూర్చునేది. దాక్కోవాల్సినవాడు డప్పు కొట్టుకుంటూ పోతే ఏం లాభం? రెండోది కట్టలేదు.

తర్వాతవి ఆస్కార్ బోట్లు. 154 మీటర్ల పొడవు. రెండు పక్కలా పన్నెండేసి, మొత్తం 24 గ్రానిట్ క్షిపణులు. ఒక్కోటి ఏడు టన్నుల బరువు, నీళ్ళ కిందనుంచే వేస్తే ఐదువందల కిలోమీటర్లు పోతుంది. మొదటి చిక్కు తీరింది. రెండోదో? ఐదువందల కిలోమీటర్ల అవతల ఓడ ఎక్కడుందో నీళ్ళలో ఉన్నవాడికి ఎవరు చెప్తారు? అందుకని అంతరిక్షంనుంచి సముద్రాన్ని వెతికే రాడార్ ఉపగ్రహాలు పంపారు. ఆ రాడార్‌కి కరెంటు చాలక ఉపగ్రహంలో కూడా రియాక్టరే పెట్టారు. అలాంటిదొకటి, కాస్మోస్-954, 1978 జనవరిలో కెనడా మీద కూలి రేడియోధార్మిక ముక్కలు చల్లింది. చెట్టు చాటున ఉన్నవాడికి కన్ను అమర్చబోతే ఆ కన్ను పక్కవాడి పెరట్లో పడింది.

మన తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ రేడియో తరంగాలు పైకి పోయి గాలిపొరల కబుర్లు తెస్తాయి. అవే తరంగాలని సముద్రంలోకి పంపితే ఉప్పునీళ్ళు మింగేస్తాయి. చాలా తక్కువ పౌనఃపున్యమున్నవి మాత్రం పైపొర దాటి కొన్ని మీటర్లు దిగుతాయి. తిరునెల్వేలి దగ్గరున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ నుంచి మన నేవీ అలాగే సబ్‌మెరైన్లకి కబురు పంపుతుంది. అందులో పట్టేవి నాలుగు అక్షరాలే, ఫొటోలూ వీడియోలూ కాదు. చాటున ఉన్నవాడు చెవిటివాడిలా బతకాలి, అదీ దాని ఖరీదు.

కంపార్ట్‌మెంట్ అనే మాట తిరుపతిలో ఎవరికీ వివరించక్కర్లేదు. 'కంపార్ట్‌మెంట్లు నిండాయి, శిలాతోరణం దాకా క్యూ ఉంది' అని రోజూ పేపర్లో చదువుతాం. మా బోటులోనూ కంపార్ట్‌మెంట్లే, ఏడు. మధ్యలో గుండ్రటి తలుపులు. నా నుదుటి మీద ఈ మచ్చ చూడండి, మొదటి వారం పెట్టిన సంతకం. ఒక గదిలోకి నీళ్ళో మంటలో వస్తే తలుపు బిగించెయ్యాలి, అవతల ఎవరున్నా సరే. కొండమీద కంపార్ట్‌మెంట్ తలుపు తీస్తే దర్శనం. బోటులో తలుపు తియ్యకపోతేనే మిగతావాళ్ళకి ప్రాణం.

2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో ఆస్కార్ తరగతి బోటు కూర్స్క్ మునిగింది. క్షిపణులు కాదు కారణం, ముందు గదిలో ఉన్న ఒక టార్పెడో. అందులో ఇంధనాన్ని మండించడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ కారి పేలింది. రెండు నిమిషాల తర్వాత మిగతా టార్పెడోలు పేలాయి. మొత్తం 118 మంది పోయారు. వెనకవైపు తొమ్మిదో కంపార్ట్‌మెంట్‌లోకి 23 మంది చేరుకున్నారు. వాళ్ళలో ఒక అధికారి చీకట్లో, చేత్తో తడుముకుంటూ, అందరి పేర్లు కాగితం మీద రాశాడు. ఆ కాగితం తర్వాత శవం జేబులో దొరికింది. వాళ్ళెవరినీ బతికించలేకపోయారు. మరుసటి ఏడాది బోటుని పైకి తీసినప్పుడు రియాక్టర్లు చెక్కుచెదరలేదు. అందరూ భయపడే అణువు బుద్ధిగా ఆగిపోయింది. ఆస్పత్రిలో పుండు కడిగే మందుకి చుట్టమైన పెరాక్సైడ్ మనుషుల్ని మింగింది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తడబడుతుంది, క్షమించండి.

అమెరికా వాళ్ళు చాలాకాలం వేరుగా కట్టలేదు. వాళ్ళ టొమహాక్ క్షిపణి టార్పెడో గొట్టంలోనే పడుతుంది కాబట్టి ప్రతి దాడి బోటూ క్రూయిజ్ క్షిపణి బోటే అయింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక ఒహాయో తరగతిలో నాలుగు బాలిస్టిక్ బోట్లు అక్కర్లేకపోయాయి. తుక్కు చెయ్యకుండా, ఒక్కో పెద్ద గొట్టంలో ఏడేసి చొప్పున 22 గొట్టాల్లో టొమహాక్‌లు పెట్టారు. లెక్క మీరే వెయ్యండి, 154. పాత ఇత్తడి బిందె ఇచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకున్నట్టు! 2011 మార్చిలో ఫ్లోరిడా అనే బోటు లిబియా మీదికి తొంభైకి పైగా వేసింది. అయితే ఒక్క సంగతి గమనించండి. మొదటి క్షిపణి నీళ్ళు చీల్చుకుని లేచిన క్షణంలోనే ఆ పొగ, ఆ మంట 'నేనిక్కడున్నాను' అని చెప్పేస్తాయి. 154 వెయ్యడానికి పట్టేంతసేపు అదే చిరునామాలో ఉండాలి. లిబియాకి దాన్ని వెతికే శక్తి లేదు కాబట్టి సరిపోయింది. సమవుజ్జీ ఎదురైతే ఏమవుతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నన్నడిగితే ఒకే బోటులో అన్ని క్షిపణులు పెట్టడం గుడ్లన్నీ ఒకే కోడి కింద పొదగెయ్యడమే. వాళ్ళకీ అదే తోచిందేమో, ఇప్పుడు వర్జీనియా తరగతిలో కొత్తగా కట్టే బోట్లకి నలభై చొప్పున పంచుతున్నారు. రష్యా వాళ్ళ యాసెన్ తరగతిలో ముప్పైరెండు దాకా పడతాయి. దాని మొదటి బోటు 1993లో మొదలై 2014లో చేరింది. డబ్బుల్లేని ఇంట్లో మేడ కట్టినట్టు ఇరవైయొక్కేళ్ళు.

మన సంగతి. మన అరిహంత్, అరిఘాత్ విశాఖపట్నంలో కట్టినవే, కానీ అవి మోసేది బాలిస్టిక్ క్షిపణులు, అంటే మామిడికాయకి రాయి విసిరే జాతి. క్రూయిజ్ వైపు చూస్తే, 2013 మార్చి 20న విశాఖ తీరంలో నీళ్ళ కింద ముంచిన వేదికనుంచి బ్రహ్మోస్ వేసి చూశారు, సరిగ్గా వెళ్ళింది. 2024లో రెండు అణు దాడి సబ్‌మెరైన్లు కట్టడానికి కేంద్రం ఒప్పుకుంది. ఆ రెంటినీ కట్టేది మీ వయసువాళ్ళే.

ఇక చక్ర. 1988 ఫిబ్రవరిలో విశాఖ వచ్చింది. నాతోపాటు శిక్షణ తీసుకున్న మదనపల్లె మిత్రుడొకడు దానిలో పనిచేసేవాడు, వ్లాదివోస్తోక్‌లో చదువుకుని వచ్చాడు. ఒకరోజు డాబాగార్డెన్స్‌లో టీ తాగుతుంటే పక్కన కూర్చున్నాడు. ఎంతసేపటికీ డీజిల్ వాసన రాలేదు. 'ఏమిరా, సెంటు పూసుకున్నావా?' అన్నాను. వాడు నవ్వలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ చొక్కాకి ఒక చిన్న బిళ్ళ తగిలించుకుంటామని, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అదే లెక్కపెడుతుందని చెప్పాడు. 'నీ వాసన మీ ఆవిడకి తెలుస్తుంది. నాది ఆ బిళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు' అన్నాడు. టీ డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

మీరెప్పుడైనా తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ పోతే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడండి. సోమవారం పోకండి, మూసేస్తారు. నేను పనిచేసింది దానిలో కాదు, దాని తోబుట్టువులో, అయినా లోపలంతా ఒకటే. ఐదో కంపార్ట్‌మెంట్‌లో మూడు డీజిల్ ఇంజన్లుంటాయి. రెంటి మధ్య సందులో ఒక మనిషి పక్కకి తిరిగి మాత్రమే నిలబడగలడు. అక్కడ నిలబడి చూడండి. తలుపు దాటేటప్పుడు తల వంచడం మరిచిపోకండి.

ఇక ప్రశ్నలు అడగండమ్మా. వెనక వరసలో ఆ అబ్బాయి చాలాసేపటినుంచి చెయ్యెత్తుతున్నాడు, వాడితో మొదలుపెడదాం.